తాళం తీసిన ఫోన్

ఫోన్‌ని జైలు నుంచి బయటికి తెద్దామని మా మరిది అన్నప్పుడు నేను ముందు నవ్వాను. ఈ ఇంట్లో నేరం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే అది నేనే, ఫోన్ పాపం ఏం చేసింది అన్నాను. అతను నవ్వలేదు. బస్టాపు పక్కన ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. మిగతా అన్ని విషయాల్లోనూ వదిన చెబితే సరే అంటాడు గానీ ఫోన్ల దగ్గర పరాచికాలు పనికిరావు.

"వదినా, ఇది నీ ఫోన్ కాదు. నువ్వు కొన్నావంతే. లోపల తాళం కంపెనీవాడిది. శబ్దం ఇంతకంటే పెరక్కూడదు, లైటు వాడు చెప్పినప్పుడే వెలగాలి అని వాడు గీత గీసి పెట్టాడు. ఆ తాళం తీసేస్తే ఫోన్ నువ్వు చెప్పినట్టు వింటుంది. దాన్నే జైల్‌బ్రేక్ అంటారు" అన్నాడు.

నేను నేరస్తురాలిని ఎందుకయ్యానో చెప్పాలి. మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఏడో ఏట నుంచి షుగరు, రోజూ ఇన్సులిన్ వేసుకుంటేనే బతికే రకం. రోజంతా ఏదో ఒకటి కొంచెం కొంచెంగా కొరుకుతూ ఉండాలి కాబట్టి ఇంట్లో పేరు పిచ్చుక. దాని భుజం కింద కోటు గుండీ అంత బిళ్ళ ఒకటి అంటించి ఉంటుంది. అది ఐదు నిమిషాలకోసారి ఒంట్లో చక్కెర ఎంతుందో పిచ్చుక ఫోన్‌కి చెబుతుంది, అక్కణ్ణుంచి ఆస్పత్రివాళ్ళ యాప్‌లో నా ఫోన్‌కి వస్తుంది. డెబ్బైకంటే తగ్గితే నా ఫోన్ మోగాలి. మోగుతుంది కూడా. నాకు వినపడదు.

వినపడకపోవడం నా చెవుల తప్పు కాదు. ఆస్పత్రులకీ హోటళ్ళకీ దుప్పట్లు ఉతికే లాండ్రీలో నా పని. ఉతికే మెషిన్లు పన్నెండు, ఆరబెట్టేవి ఎనిమిది, వాటి మధ్యన రోలరు ఇస్త్రీ. ఇద్దరం ఇటు నిలబడి తడి దుప్పటిని సాఫీగా లోపలికి పట్టిస్తే, ఇద్దరు అటు నిలబడి వేడిగా వచ్చినదాన్ని అందుకుని మడతపెడతారు. అక్కడ ఎవరూ మాట్లాడుకోరు, అన్నీ చేతి సైగలే. బల్ల మీద రెండుసార్లు చరిస్తే మెషిన్ ఆపమని. ఆవిరికీ నూగుకీ పాడవకుండా ఫోన్లని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి గోడ కొక్కేలకి తగిలిస్తాం.

మూడు నెలల కిందట ఒకరోజు నా ఫోన్ ఆ కొక్కేనికి వేలాడుతూ ఇరవై రెండు నిమిషాలు మోగింది. ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను దుప్పట్లు పట్టిస్తూనే ఉన్నాను. అక్కడ బడి లైబ్రరీలో పిచ్చుక బల్ల మీద తల వాల్చి ఉంటే, చదివి చదివి నిద్రపోయిందనుకున్నారట. లైబ్రరీ ఆవిడ పుస్తకం తీసుకుందామని చెయ్యి కదిపితే చెయ్యి జారిపోయింది. అంబులెన్సు వచ్చి, సూది గుచ్చి, పిల్ల కళ్ళు తెరిచాక గానీ నాకు కబురు తెలియలేదు. వాళ్ళ నాన్న లారీతో ఎక్కడో హైవే మీద ఉన్నారు. ఫోన్‌లో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని, జైలో గియిలో, చెయ్యి నాయనా అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద కంప్యూటర్, వైర్లు పరిచాడు. లాభాలు గట్టిగా చెప్పాడు. డెబ్బైకంటే తగ్గితే ఫోన్ వెనక లైటు మెరుపులా కొట్టుకుంటుంది, శబ్దం కంపెనీవాడి హద్దు దాటి అరుస్తుంది, అంకె అద్దం నిండా ఇంత లావున కనబడుతుంది. నష్టాలు మాత్రం ముక్కులో గొణిగాడు. కంపెనీ గ్యారంటీ పోతుంది. కొన్ని యాప్‌లు మొరాయించవచ్చు. ఫోన్ ఆగి మళ్ళీ మొదలైతే తాళం దానంతట అదే వేసుకుంటుంది, మళ్ళీ తన దగ్గరికి తేవాలి. ఇంకా ఏవో చెప్పాడు, నేను వినలేదు. లైటు అన్న మాట దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది.

పని అయ్యాక చూడాలి కదా. పిల్లకి నిజంగా తగ్గేదాకా కూర్చోలేం. అందుకని మరిది లోపల ఒక గడి పెట్టాడు. అందులో ఏ అంకె కొడితే బిళ్ళ పంపింది అదేనని, టైము కూడా కొడితే ఆ టైము నుంచి అదేనని ఫోన్ నమ్ముతుంది. పిచ్చుక యాభై అని కొట్టింది. వంటిల్లంతా తెల్లగా వెలిగి ఆరి వెలిగింది. అరుపుకి పై వాటా ముసలాయన కిందికి దిగొచ్చి దొంగలా అని అడిగాడు. పిచ్చుక నలభై కొట్టింది, ముప్పై కొట్టింది, పడీ పడీ నవ్వింది. లైబ్రరీ రోజు తర్వాత అది అలా నవ్వడం అదే మొదలు.

లైటు పనిచేసింది. ఎవరూ కాదనలేరు. మొదటి నెలలో నాలుగుసార్లు వెలిగింది. నాకు ఎదురుగా దుప్పట్లు అందుకునే ఆవిడని అందరం మడతక్క అంటాం. ఆవిడ నాకంటే ముందే చూసి రెండు చేతులూ గాల్లో ఊపేది. నేను బయటికి పరిగెత్తి బడికి ఫోన్ చేసేదాన్ని, వాళ్ళు పిచ్చుకకి గ్లూకోజ్ బిళ్ళలు తినిపించేవాళ్ళు. ప్రాణం కుదుటపడేది.

కానీ నా సంగతి నేను దాచుకోవడం ఎందుకు? అద్దం నిండా అంకె కనబడుతుంటే చూడకుండా ఎలా ఉంటాను? కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాను. ఎనభై కనబడితే బడికి ఫోన్. తొంభై ఉండి, పక్కన బాణం తగ్గుతోందని కిందికి చూస్తుంటే ఫోన్. బడి ఆఫీసులో ఆవిడ నా గొంతు వినగానే "పంపిస్తున్నామండీ మనిషిని" అనే స్థితికి వచ్చింది. పిచ్చుకని బడి పరుగు జట్టుకి ఎంపిక చేసే రోజు ఏం చేశానో చెబితే మీరే నన్ను తిడతారు. లాండ్రీ ఏప్రన్‌తోనే వెళ్ళి మైదానం కంచె పట్టుకుని "ఆపండి, పిల్లని ఆపండి" అని కేకలు పెట్టాను. పరుగు ఆగిపోయింది. అప్పుడు అంకె తొంభై రెండు. పిచ్చుక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయింది, బతికుంది కదా అనుకున్నాను.

తర్వాత మరిది గొణిగిన నష్టాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముందు బ్యాంకు యాప్ నా మొహాన తలుపేసింది. పోనీలే అనుకున్నాను. ఒక పొద్దున ఆస్పత్రి యాప్ తెరిస్తే, ఈ ఫోన్‌లో మార్పులు చేశారు కాబట్టి ఇక్కడ పనిచేయదు అని రెండు ముక్కలు రాసి మూసుకుపోయింది. ఆస్పత్రి నర్సుకి ఫోన్ చేశాను.

"తాళం తీయించారా? అయ్యో. అలాంటి ఫోన్‌లో అంకె మధ్యలో ఎవరైనా మార్చేయొచ్చండి. అందుకే యాప్ ఒప్పుకోదు. వెనక్కి మార్పించేయండి."

"వెనక్కి మారిస్తే లైటు ఉండదు కదా."

"ఉండదు. కానీ ఇప్పుడు మీ ఫోన్‌లో కనబడే అంకెకి మేం పూచీ పడలేం."

మరిదికి చెబితే ఆస్పత్రివాళ్ళ మీద లేచాడు. "ఎవడు మారుస్తాడు వదినా? దొంగలకి మన పిచ్చుక షుగరుతో ఏం పని?" అన్నాడు. ఆ మాట సబబుగానే అనిపించింది. సాయంత్రానికల్లా ఆస్పత్రి యాప్ లేకుండానే పిచ్చుక ఫోన్ నుంచి సూటిగా అంకె నా ఫోన్‌కి వచ్చేలా ఏదో చేశాడు. ఆ రోజు నుంచి ఆ అంకెకి అమ్మా నాన్నా మా మరిదే.

నాకు మాత్రం ఒక్క క్షణం స్థిమితం లేదు. ఫోన్ వేడెక్కితే భయం. బ్యాటరీ సగానికి దిగితే భయం, ఆగిపోయి తాళం పడుతుందేమోనని. రెండు దుప్పట్లకోసారి వెనక్కి తిరిగి కొక్కెం వైపు చూస్తుంటే ఒక అంచు వంకరగా వెళ్ళి మడతక్క నా మీద కళ్ళెర్ర చేసేది. భయం పోవడానికని తాళం తీయిస్తే, భయపడటానికి చేతికి ఇంకో వస్తువు దొరికింది.

ఇక ఆ గురువారం. పదకొండుకి పిచ్చుకకి ఆటల పీరియడ్. ఆ గంట నాకు రోజూ గండమే, పరిగెడితే చక్కెర జారిపోతుంది కాబట్టి. పది యాభైకి చూశాను, నూట పద్దెనిమిది. పదకొండుకి నూట పద్దెనిమిది. పదకొండూ పదికి కూడా అంతే. ఎంత బుద్ధిగా ఉందో ఇవాళ అనుకున్నాను. అంతటితో ఆగానా, మడతక్కకి సైగ చేసి చూపించి మురిసిపోయాను. ఆవిడ బొటనవేలు ఎత్తింది. హోటలు దుప్పట్లు రెండు బండ్లు హాయిగా లాగేశాం.

పదకొండూ ఇరవై. నూట పద్దెనిమిది.

చేతిలో దుప్పటి అంచు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆరేళ్ళుగా నా కూతురి ఒంటి అంకెలు చూస్తున్నాను. నిద్రలో కూడా అది అరగంట ఒక్కచోట నిలబడి ఎరగదు. ఇప్పుడు పరిగెడుతూ నిలబడిందా? బల్ల మీద రెండుసార్లు చరిచాను. రోలరు ఆగేదాకా కూడా ఉండలేదు. దుప్పటి సగం లోపలా సగం బయటా ఉండగానే ఫోన్ సంచితో సహా లాక్కుని పరిగెత్తాను.

బడికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తరు. మళ్ళీ చేశాను. ఆఫీసు ఆవిడ ఎత్తి, "పిల్లలంతా మైదానంలో ఉన్నారండీ" అంది విసుగ్గా. ఎన్నిసార్లు ఊరికే చేశానో ఆవిడకి లెక్క ఉంది, ఆవిడని ఏమనను? పిచ్చుక ఫోన్ ఎత్తలేదు. అలవాటుకొద్దీ పరుగులోనే ఆస్పత్రి యాప్ నొక్కాను. అదే రెండు ముక్కలు చెప్పి మూసుకుంది. నిజం చెప్పే యాప్‌ని నేనే నా చేతులతో వెళ్ళగొట్టుకున్నానని అప్పుడు తెలిసొచ్చింది. లాండ్రీ నుంచి బడికి పన్నెండు నిమిషాల నడక. ఎంతలో వెళ్ళానో తెలియదు. చెప్పు ఒకటి దారిలోనే తెగింది.

మైదానంలో ఆడపిల్లలు గుండ్రంగా పరిగెడుతున్నారు. అందులో పిచ్చుక లేదు. మెడలో ఈల వేసుకున్న ఆటల టీచరు అటు చివర గడియారం పట్టుకుని నిలబడి ఉంది. ఇటు చివర, సంచులన్నీ గుట్టగా పడేసిన చోట, నా కూతురు మోకాళ్ళ మీద ఉంది. గ్లూకోజ్ బిళ్ళల గొట్టం మూత తీసింది గానీ చేతులు వణికి అది పడిపోయినట్టుంది. బిళ్ళలు మట్టిలో చెల్లాచెదురయ్యాయి. ఒక్కొక్కటే ఏరి, మట్టితోనే నోట్లో వేసుకుంటోంది. మొహం కాగితంలా ఉంది.

నేనూ మట్టిలో కూలబడి ఏరాను. అది నోరు తెరిచింది, నేను పెట్టాను. దాని ఫోన్‌లో నలభై తొమ్మిది. టీచరు పరిగెత్తుకొచ్చి పళ్ళరసం తెచ్చింది. యాభై మూడు. పిచ్చుక నా భుజానికి ఆనుకుంది, దాని చెమటకి నా జాకెట్టు తడిసింది. అరవై నాలుగు. డెబ్బై ఎనిమిది దాటాక దాని పెదాలకి రంగొచ్చింది. అప్పుడు నా ఫోన్ చూశాను. ఆ మహాతల్లి ఇంకా నూట పద్దెనిమిదే అంటోంది.

"మీ బాబాయ్‌ని ఇవాళ వదలను" అన్నాను పళ్ళు నూరుతూ.

"బాబాయ్ కాదమ్మా" అంది పిచ్చుక. "నేనే. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ గడిలో, పదిముప్పావు నుంచి నూట పద్దెనిమిది అని కొట్టాను. బాబాయ్ తీసెయ్యడం మర్చిపోయాడు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యెత్తాను. టీచరు ముందే, అందరి పిల్లల ముందే ఎత్తాను. అది తప్పుకోలేదు.

"కొట్టు. ఇవాళ జట్టులోకి తీసుకునే పరుగు మళ్ళీ పెట్టారు, నీకు చెప్పలేదు. కంచె దగ్గరికి నువ్వొచ్చావేమోనని వెనక్కి చూస్తూ ఎలా పరిగెత్తను? నాకు తగ్గుతోందని నీ ఫోన్‌కంటే ముందు నాకే తెలుస్తుందమ్మా. ఇవాళ కూడా తెలిసింది." అక్కడ ఆగి మట్టి ఉమ్మేసింది. "ఒక్క రౌండే ఉంది కదా అని ఆగలేదు. అది మాత్రం నా తప్పే."

ఎత్తిన చేత్తో దాని నోటి చుట్టూ మట్టి తుడిచాను. కోపం పోయిందని కాదు. కోపం దాని మీదో, నా మీదో, మా మరిది మీదో తేల్చుకోలేకపోయాను. నర్సు చెప్పింది, మధ్యలో ఎవరైనా మార్చేయొచ్చని. నేను ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న దొంగని ఊహించుకున్నాను. దొంగ నా వంటింట్లో పాలు తాగి, జడ వేయించుకుని బడికి వెళ్ళింది.

సాయంత్రం నేనూ పిచ్చుకా వెళ్ళి మరిది కొట్టులో నిలబడ్డాం. జరిగిందంతా విన్నాడు. తల గోక్కున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, పిచ్చుక తల నిమిరాడు. తర్వాత పనివాడి బుద్ధి ఊరుకోదు కదా, "ఆ గడి తీసేస్తాను వదినా. పాస్‌వర్డ్ కూడా పెడతాను. ఇక ఎవరూ ముట్టుకోలేరు" అన్నాడు.

"వద్దు. మళ్ళీ తాళం వేసెయ్."

"వేస్తే లైటు పోతుంది. శబ్దం మళ్ళీ మునుపటిలాగే. నీకు వినపడదు. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. కంపెనీవాడి మీద నాకేం ప్రేమ పుట్టుకు రాలేదు. వాడికి నా లాండ్రీ తెలియదు, నా కూతురు తెలియదు. వాడి ఫోన్ ఇరవై రెండు నిమిషాలు మర్యాదగా మోగి ఊరుకుంది. కానీ తాళం తీసిన ఫోన్ నా మాట వింటుందనుకున్నాను, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింది. పాస్‌వర్డ్ పెడితే పిల్ల ఇంకో దారి చూస్తుంది, నేను ఇంకో తాళం వేస్తాను. అలా అది పెళ్ళీడుకొచ్చేదాకా ఒకరి మీద ఒకరం కాపలా కాసుకుంటూ కూర్చోవాలి. కంప్యూటర్‌కి వైరు తగిలిస్తుంటే, ఆగు ఆగు అందామని రెండుసార్లు నోరు తెరిచాను. అనలేదు.

ఇంటికి వస్తుంటే పిచ్చుక, "మీ లాండ్రీ ఆఫీసు నంబరు ఇవ్వు" అంది. ఎందుకని అడిగితే మళ్ళీ గొడవవుతుందేమోనని అడక్కుండా ఇచ్చాను.

మర్నాడు ఫోన్ మళ్ళీ మామూలు ఫోనై కొక్కేనికి వేలాడింది. ఆస్పత్రి యాప్ బుద్ధిగా తెరుచుకుంది గానీ, దాన్ని చూడాలంటే సంచి విప్పి, చేతులు తుడుచుకుని, నొక్కాలి. గంటకోసారికంటే కుదరదు. ఆ గంటలు ఎలా గడిచాయో ఏ తల్లికీ చెప్పనక్కర్లేదు. దుప్పటి తెల్లగా వచ్చిన ప్రతిసారీ పిచ్చుక మొహం కనబడింది. మడతక్క గోడ వైపు చూడటం అలవాటై, లైటు లేని ఫోన్‌ని చూసి నా వైపు చూసేది. నేను తల దించుకునేదాన్ని.

పదకొండున్నరకి సూపర్‌వైజర్ తన అద్దాల గది తలుపు తెరిచి, నన్ను చూపించి, చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. మాకు ఆ సైగ చేస్తే ఇంటి నుంచి ఫోనని అర్థం. లాండ్రీ నంబరుకి ఇంటి నుంచి మంచి కబురు వచ్చిన రోజు నా సర్వీసులో లేదు. ఆ గది దాకా ఎలా నడిచానో గుర్తులేదు. ఆయన తలుపు మూస్తే మెషిన్ల మోత సగం తగ్గింది.

"అమ్మా, అరవై ఎనిమిది" అంది పిచ్చుక. వెనకాల పిల్లల గోల, ఈల. "తిన్నాను. కూర్చున్నాను. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసి చెబుతాను."

"నేను రానా?"

"రావద్దు. రమ్మని చెయ్యలేదు. చెబుదామని చేశాను."

పెట్టేసింది. నేను లేవలేదు, ఆ కుర్చీలోనే ఉండిపోయాను. సూపర్‌వైజర్ నా మొహం చూసి ఏమీ అడక్కుండా బయటికి వెళ్ళి రోలరు దగ్గర నా చోట నిలబడ్డాడు. ఆయనకి ఆ పని చేతకాదు. మొదటి దుప్పటే వంకరగా పట్టించాడు, మడతక్క చేతులూపుతూ ఆయన్ని తిడుతోంది. అద్దంలోంచి అది చూస్తూ, రిసీవరు మీద చెయ్యి వేసి, పదిహేను నిమిషాలూ అక్కడే కూర్చున్నాను. లేచి బడికి పరిగెత్తకుండా ఉండటానికి ఒళ్ళంతా బిగపట్టుకున్నాను.

పద్నాలుగో నిమిషంలో మోగింది.

"తొంభై ఒకటి" అంది మా అమ్మాయి. "ఇక వెళ్ళి పని చూసుకో."